జూకు కొత్తగా వచ్చిన జంతువులను వెంటనే ఎందుకు చూపించరు? వాటి పిల్లలు అడవికి వెళ్తాయా?

ముందుగా మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు చెబుతాను. మీ ఊరి జూకు మరో రాష్ట్రం నుంచి మార్పిడి కింద ఒక ఆడ సింహం, ఒక జత రేచుకుక్కలు (అడవికుక్కలు), కొన్ని పక్షులు వచ్చాయని పత్రికలో చదివి ఆ ఆదివారమే మీ అమ్మాయిని తీసుకుని వెళ్లారు. అక్కడ వాటిలో ఒక్కటీ కనిపించలేదు. అడిగితే ఇంకో నెల ఆగాలన్నారు. ఆ వార్తలో 'సంరక్షణ సంతానోత్పత్తి కోసం' అన్న మాట ఉండటంతో, పుట్టబోయే పిల్లలను అడవిలో వదులుతారా అని మీ అమ్మాయి అడిగింది. మీ వద్ద సమాధానం లేక ఇక్కడ అడిగారు.

సమాధానం సూటిగా చెబుతాను. కొత్తగా వచ్చిన జంతువును సాధారణంగా కనీసం 30 రోజులు వేరుగా ఉంచుతారు. అందులో దాపరికం ఏమీ లేదు. జూలో అప్పటికే ఉన్న వందలాది ప్రాణుల క్షేమం కోసం అలా చేస్తారు. ఇక రెండవ ప్రశ్నకు వస్తే, మార్పిడిపై వచ్చే జంతువులకు పుట్టే పిల్లలలో చాలావరకు అడవికి వెళ్లవు. ఏ జంతువులను మొదటి రోజు నుంచే అడవిని ఉద్దేశించి, సందర్శకులకు దూరంగా, ఎవరికి ఎవరు పుట్టారన్న లెక్క తప్పకుండా పెంచుతారో, వాటి సంతానం మాత్రమే, అదీ వాటికి తగిన అడవి సిద్ధంగా ఉన్నప్పుడు మాత్రమే వెళ్తుంది. మన దేశంలో అలాంటి ప్రయత్నాలు కొన్ని నిజంగా ఫలించాయి, వాటిలో ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది. నేను పశువైద్యుడిని. రెండు జూలలో కలిపి 27 సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ చేశాను కనుక, కొంత వివరంగా రాస్తున్నాను.

మొదట ఆ నెల రోజుల సంగతి. జంతువులను తెచ్చే లారీ చాలావరకు తెల్లవారుజామున చేరుతుంది, ఎందుకంటే ఎండలో ప్రయాణం చేయించకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మేము మార్పిడులే పెట్టుకునేవాళ్లం కాదు. లారీ ఆగగానే అందరూ బోను దగ్గరకు వెళ్లబోతారు కానీ, వైద్యుడు మొదట చూడవలసినవి కాగితాలు. ఆరోగ్య ధ్రువపత్రం, చికిత్సల కార్డు, మైక్రోచిప్ సంఖ్య, స్టడ్‌బుక్ అనే వంశావళి పుస్తకంలోని సంఖ్య, తల్లిదండ్రుల వివరాలు అన్నీ ఉన్నాయో లేదో చూసుకున్న తరువాతే బోనును క్వారంటైన్ గది తలుపుకు ఆనించి తెరుస్తాము. జంతువు తనంతట తాను బయటికి రావాలి. కొన్ని పది నిమిషాలలో వస్తాయి, కొన్నింటికి మరుసటి రోజు వరకు పడుతుంది. కర్రతో పొడిచి బయటికి తోలడమంత పొరపాటు మరొకటి లేదు.

ఆ తరువాత పరీక్షలు మొదలవుతాయి. పేడను కొన్ని రోజుల తేడాతో మూడుసార్లు పరీక్షించి, పేగుల్లో పరాన్నజీవులు లేవని తేలేవరకు మందు వేస్తాము. పులులు, సింహాల రక్తంలో సర్రా వ్యాధి కలిగించే సూక్ష్మజీవి ఉందేమో చూస్తాము. జింకలకు, కోతులకు క్షయ పరీక్ష, పక్షులకు రాణిఖేత్, బర్డ్ ఫ్లూ పరీక్షలు ఉంటాయి. ఆ గదిలో పనిచేసే కీపరు ఆ నెలంతా వేరే జంతువుల దగ్గరకు వెళ్లకూడదు. గుమ్మం దగ్గర పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో కాళ్లు ముంచి తీరాలి. పాత్రలు, చీపుర్లు కూడా విడిగానే ఉంటాయి.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, వ్యాధి మనం ఊహించిన వైపు నుంచే వస్తుందని చెప్పలేము. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో, ఒకే ప్రాంతంలో కొద్ది వారాలలోనే 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు, వాటిలో కొన్నింటిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ బయటపడింది. రేచుకుక్కలు ఉన్న జూలో ఊరకుక్కలు గోడ దూకి రాకుండా చూడటం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి గ్రహించవచ్చు. 2021 మే నెలలో హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కులో ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకినట్టు అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పరీక్షలలో తేలింది. అవి కోలుకున్నాయి కానీ, మనుషుల జబ్బు కూడా బోను దాటి జంతువుకు చేరగలదని ఆ సంఘటన దేశమంతటికీ చూపింది.

నా స్వానుభవంలోని ఒక తప్పును కూడా చెప్పాలి. నేను పనిచేసిన ఒక జూలో సంక్రాంతి సెలవులకు సందర్శకులు ఎక్కువగా వస్తారని, కొత్తగా వచ్చిన పక్షులను పదకొండవ రోజునే పెద్ద పక్షిశాలలోకి వదిలాము. అవి చూడటానికి చురుకుగా ఉన్నాయి, మొదటి పరీక్ష బాగుంది, పైనుంచి ఒత్తిడి ఉంది. ఆ కాగితంపై నా సంతకం కూడా ఉంది. మూడు వారాలు తిరగకముందే పాత పక్షులలో సగానికి పైగా పోయాయి. వాటిలో కొన్ని పన్నెండేళ్లుగా అక్కడ ఉన్నవి, కీపరు గొంతు వినగానే దగ్గరకు వచ్చేవి. ఆ తరువాత ఎంతటివారు అడిగినా 30 రోజులకు ముందు నేను సంతకం చేయలేదు. మీ అమ్మాయి నిరాశ పడినందుకు నాకు బాధగానే ఉంది కానీ, అక్కడి సిబ్బంది చేసినది సరైన పని.

వ్యాధులతో పాటు మరొక కారణం ఉంది. దాని గురించి పత్రికలు రాయవు. కొత్త చోటికి వచ్చిన జంతువు బెంగ పెట్టుకుంటుంది. మా దగ్గరకు మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక ఆడ సింహం ఆరు రోజులు మాంసం ముట్టలేదు. నీళ్లు తాగేది, రాత్రంతా గదిలో అటూ ఇటూ తిరిగేది. దానితో వచ్చిన కీపరు రెండు రోజులుండి వెళ్లిపోయాడు. ఏడవ రోజున మా కీపరు ఆయనకు ఫోన్ చేసి, మీరు దీన్ని ఏమని పిలిచేవారు, ఏ వేళకు మేత పెట్టేవారు అని అడిగాడు. మేము సాయంత్రం నాలుగున్నరకు పెడుతున్నాము, అక్కడ చీకటి పడ్డాక పెట్టేవారట, పెట్టేముందు మరాఠీలో రెండు మాటలు అనేవారట. ఆ మాటలు నేర్చుకుని, వేళ మార్చి పెట్టిన రాత్రే అది తిన్నది. క్రమంగా వేళను మా పద్ధతికి తెచ్చుకున్నాము, మాటలను కూడా. అప్పటి నుంచి నేను రాసే చెక్‌లిస్టులో 'పిలుపు, భాష, మేత వేళ' అన్న గడి ఒకటి చేర్చాను.

క్వారంటైన్ ముగిసిన రోజున కూడా జంతువును నేరుగా గుంపులో కలపరు. రేచుకుక్కల విషయంలో ఇది మరీ కష్టం. అవి గుంపుగా బతికే జంతువులు. ఒక గుంపులో సాధారణంగా ఒకే ప్రధాన జంట పిల్లలను కంటుంది, మిగిలినవి ఆ పిల్లలకు ఆహారం కక్కి పెడుతూ పెంపకంలో సాయపడతాయి. అటువంటి కట్టుబాటు ఉన్న చోటికి బయటి మగదానిని ఒక్కసారిగా వదిలితే చంపేసినా ఆశ్చర్యం లేదు. మేము చేసిన పద్ధతి ఏమిటంటే, మొదట కొత్తదాని గదిలోని గడ్డిని పాతవాటి గదిలో, పాతవాటి గడ్డిని కొత్తదాని గదిలో వేసి, వాసన అలవాటు చేయడం. తరువాత రెండు వరుసల జాలీ మధ్యగా చూపు కలపడం, ఆ తరువాత ఒక జాలీ తీసివేయడం. ఆడది జాలీ దగ్గర తోక ఊపుతూ, ఈలవంటి కూత పెడుతూ, పక్కన పడుకోవడం మొదలుపెట్టిన తరువాతే తలుపు తీయడం. ఒక జతకు ఇదంతా ఇరవై రోజులలో అయింది, మరొక జతకు నాలుగు నెలలు పట్టింది. రేచుకుక్కల సంరక్షణ సంతానోత్పత్తికి మన దేశంలో సమన్వయ బాధ్యత విశాఖపట్నంలోని ఇందిరా గాంధీ జూలాజికల్ పార్కుది. అక్కడ వాటి పిల్లలు పుట్టి పెరిగాయి కూడా. మీ జూకు వచ్చిన జతకు ఎంత సమయం పడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

ఇక ఈ మార్పిడులు అసలు ఎందుకు? జూలు జంతువులను కొనుక్కుంటాయని చాలామంది అనుకుంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38-ఐ సెక్షను ప్రకారం, షెడ్యూళ్లలోని (అంటే రక్షణ జాబితాలలోని) జంతువులను కేంద్ర జూ ప్రాధికార సంస్థ అనుమతి లేకుండా ఒక జూ నుంచి మరొక జూకు పంపడానికి వీలు లేదు. 1992లో ఏర్పడిన ఆ సంస్థ, ఈ జంతువు మీకు ఎందుకు, ఉంచడానికి చోటు ఉందా, జత ఉందా, దాని వంశం ఏమిటి అని చూసి అనుమతి ఇస్తుంది. మన దగ్గర ఎక్కువైనవి మనం ఇస్తాము, వారి దగ్గర ఎక్కువైనవి వారు ఇస్తారు.

కొత్త రక్తం కోసమే ఈ శ్రమంతా. పల్లెల్లో గొర్రెల కాపరులకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. ఒకే పొట్టేలును ఏళ్ల తరబడి మందలో ఉంచరు, పక్క ఊరి మందతో మార్చుకుంటారు. మన ఇళ్లలో మేనరికం గురించి వైద్యులు చెప్పేది కూడా ఇదే. మేనత్త మేనమామ పిల్లల మధ్య పెళ్లి అయితే పుట్టే బిడ్డకు అంతఃప్రజనన గుణకం (ఒకే పూర్వీకుడి జన్యువు తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ అందే అవకాశం) 6.25 శాతం, మేనమామను చేసుకుంటే 12.5 శాతం. తోబుట్టువుల మధ్య అయితే ఒక్క తరంలోనే 25 శాతం. మనుషులలో ఆ చివరిది ఊహించము కానీ, ఒక జత జంతువులను తెచ్చి, వాటి పిల్లలను అదే ఎన్‌క్లోజరులో వదిలేసి, 'సంఖ్య పెరిగింది' అని సంతోషించిన జూలలో జరిగేది సరిగ్గా అదే. మూడు నాలుగు తరాలకు పిల్లలు పుట్టగానే చనిపోవడం, వంకర కాళ్లు, గొడ్డుమోతుతనం మొదలవుతాయి. ఒక్క జత నుంచి మొదలైతే, వాటి మూల జనాభాలోని వైవిధ్యంలో సిద్ధాంతరీత్యా 75 శాతమే మొదటి తరానికి అందుతుంది. పరస్పర బంధుత్వం లేని ఆరింటితో మొదలుపెడితే సుమారు 92 శాతం అందుతుంది. ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది. కాబట్టి మీ జూకు వచ్చిన ఆ ఒక్క సింహం విలువ, అది అక్కడున్న మగ సింహానికి ఎంత దూరపు చుట్టం అన్నదానిపై ఆధారపడి ఉంది.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో మన దేశం రెండుసార్లు గట్టిగా నేర్చుకున్నది. ఒకటి తెల్లపులులు. 1951లో రీవా అడవిలో పట్టుబడిన మోహన్ అనే తెల్ల మగపులిని దాని కూతురితోనే జతకట్టించి తెల్లపిల్లలను పుట్టించారు. జూలలోని తెల్లపులుల రక్తంలో ఎక్కువ భాగం అక్కడి నుంచి వచ్చినదే. మెల్లకన్ను, బలహీనత వాటిలో తరచుగా కనిపించడానికి ఆ దగ్గరి కలయికలూ, ఆ రంగును ఇచ్చే జన్యువూ కారణం. తెల్లపులి వేరే జాతి కాదు, అంతరించిపోతున్న జీవి కాదు. తెల్లపిల్ల పుట్టిందన్న వార్త ఎంత పెద్ద అక్షరాలతో వచ్చినా అది సంరక్షణ కాదని నేను ఖచ్చితంగా చెబుతాను. రెండవది సింహాలు. సర్కస్‌ల ద్వారా వచ్చిన ఆఫ్రికా సింహాలతో ఆసియా సింహాలను కలపడం వల్ల, ఒక దశలో మన జూలలో చాలా సింహాలు సంకరాలుగా తేలాయి. వాటి సంతానోత్పత్తిని ఆపివేసి, జునాగఢ్‌లోని సక్కర్‌బాగ్ జూ నుంచి స్వచ్ఛమైన గిర్ సింహాలను తెచ్చుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. ఆ సంకర సింహాల తప్పు ఏమీ లేదు. తిరుపతి, విశాఖపట్నం జూల పక్కన ఉన్న పునరావాస కేంద్రాలలో సర్కస్ సింహాలు వృద్ధాప్యం వరకు గౌరవంగా బతికాయి. అలా బతకనివ్వడం కూడా జూ బాధ్యతలలో ఒకటే, కానీ అది వేరే బాధ్యత.

ఇప్పుడు మీ అమ్మాయి ప్రశ్న. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం కనుక కొంచెం ఎక్కువగా రాస్తాను.

నల్లమలలో మూషిక జింక అనే చిన్న జంతువు ఉంది. పాత గ్రంథాలలో దాని తెలుగు పేరు కురుపంది అని కనిపిస్తుంది. బరువు సుమారు మూడు కిలోలు, అంటే ఇంటి పిల్లి కంటే పెద్దది కాదు. కొమ్ములు ఉండవు. మగదానికి పైదవడ నుంచి కోరల్లాంటి రెండు పళ్లు బయటికి వస్తాయి. ఒంటిపై తెల్లని చుక్కలు, చారలు ఉంటాయి. పగలు పొదల్లో, చెట్ల తొర్రల్లో దాక్కుని రాత్రి మేతకు వస్తుంది. చిరుతకు, రేచుకుక్కకు, కొండచిలువకు ఆహారం అది. రాలిన పండ్లను తిని అడవిలో విత్తనాలను వెదజల్లేదీ అదే. వేట వల్ల, అడవి పలచబడటం వల్ల చాలాచోట్ల కనిపించకుండా పోయింది.

2010లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ సహకారంతో, నెహ్రూ జూలాజికల్ పార్కు, సీసీఎంబీకి చెందిన అత్తాపూర్‌లోని లాకోన్స్ ప్రయోగశాల, అటవీశాఖ కలిసి వాటి సంరక్షణ సంతానోత్పత్తిని మొదలుపెట్టాయి. మొదలు ఆరు జంతువులతో. కొద్ది సంవత్సరాలలోనే వాటి సంఖ్య రెండు వందలు దాటింది. ఆ సంఖ్య వెనుక ఉన్న పని చాలామందికి తెలియదు. మూషిక జింక చాలా భయస్తురాలు. పట్టుకుని రక్తం తీస్తే ఆ భయానికే చనిపోగలదు. అందుకని లాకోన్స్ శాస్త్రవేత్తలు దాని పెంటికలలోని హార్మోన్ల అవశేషాలను కొలిచి, ఏది ఎదకు వచ్చింది, ఏది చూలుతో ఉంది అన్నది జంతువును ముట్టకుండానే తెలుసుకున్నారు. చూలుకాలం అయిదు నెలలు. ఈనిన కొద్ది గంటలలోనే తల్లి మళ్లీ ఎదకు రాగలదు. ఆ సమయంలో మగదానిని పక్కన ఉంచాలా, వేరు చేయాలా అన్నది తెలియకపోతే ఏడాదికి ఒక్క పిల్లతో సరిపెట్టుకోవలసి వస్తుంది, లేదా తల్లి నీరసించి పోతుంది. ఇదే లాకోన్స్‌లో 2006లోనే కృత్రిమ గర్భధారణ ద్వారా ఒక చుక్కల జింక పిల్ల పుట్టింది. దానికి 'స్పాటీ' అని పేరు పెట్టారు. ఆ తరువాతి సంవత్సరం కృష్ణజింక పిల్ల పుట్టింది. అంటే ఆ విద్య అప్పటికే అక్కడ పునాది వేసుకుని ఉంది.

2017లో ఆ మూషిక జింకలలో ఎనిమిదింటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. వదలడమంటే బోను తలుపు తీసి చప్పట్లు కొట్టడం కాదు. అడవిలోపలే కంచె వేసిన ఆవరణలో వాటిని కొంతకాలం ఉంచి, జూలో పెట్టే మేతను క్రమంగా తగ్గిస్తూ, అడవి ఆకులు, రాలిన పండ్లు తినడం అలవాటు చేస్తూ, ఆ వాసనలు, ఆ చప్పుళ్లు, ఆ వాతావరణం ఒంటపట్టిన తరువాతే బయటికి వెళ్లనివ్వాలి. వదిలిన ప్రతిదీ బతకదు. చిరుత తిన్న మూషిక జింకను వైఫల్యంగా లెక్కించకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే అడవిలో దాని స్థానం అదే. అవి అక్కడ ఈనుతున్నాయా లేదా అన్నదే అసలు పరీక్ష. అస్సాంలో మరగుజ్జు అడవిపందుల కథ కూడా ఇలాంటిదే: 1996లో మానస్ అడవి నుంచి పట్టిన ఆరింటితో మొదలుపెట్టి, 2008 నుంచి విడతలుగా గడ్డిమైదానాలలోకి వదులుతూ వచ్చారు.

అయితే పిల్లలు పుట్టించడం సగం పని కూడా కాదు. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఘరియాల్ మొసలిది. 1970ల మధ్య నాటికి అది అంతరించే స్థితికి వచ్చింది. ఒడిశాలోని నందన్‌కానన్ జూలో ఆడవి ఉన్నా తగిన మగది లేకపోతే, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ జూ నుంచి ఒక మగదానిని తెప్పించారు. 1980లో అక్కడ పిల్లలు పుట్టాయి. ఘరియాల్ జూలో గుడ్లు పెట్టి పిల్లలు చేయడం అదే మొదటిసారి. ఒక్క కొత్త జంతువు రాక ఒక జాతి భవిష్యత్తును ఎలా మార్చగలదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ పిల్లలను మహానదిలోని సత్కోసియా లోయలో వందల సంఖ్యలో వదిలారు. కానీ బతికి బట్టకట్టినవి వేళ్లపై లెక్కించదగినన్నే. చేపల వలల్లో చిక్కుకుని మునిగి చనిపోయాయి, వరదలకు కొట్టుకుపోయాయి. మహానదిలో అవి సహజంగా గూడు పెట్టి పిల్లలు చేయడం దాదాపు నాలుగు దశాబ్దాల తరువాత, 2021లో కనిపించింది. జూ తన పని చేసింది, నది మాత్రం వాటికి సిద్ధంగా లేదు.

రాబందులది మరీ బాధాకరమైన విషయం, పశువైద్యుడిగా నాకు సంబంధం ఉన్నది కూడా. పశువులకు నొప్పి తగ్గడానికి మేము వేసిన డైక్లోఫెనాక్ సూదిమందు, ఆ పశువు చనిపోయాక దాని కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసింది. తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేతులతోనే ఆ మందు ఎన్ని పశువులకు వేశానో లెక్క లేదు. అప్పుడు ఎవరికీ తెలియదు. 2006లో పశువులకు దాని వాడకాన్ని నిషేధించారు, 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను కూడా నిషేధించారు. మెలాక్సికామ్ సురక్షితం, అదే వాడాలి. హర్యానాలోని పింజోర్‌లో, హైదరాబాద్ జూలో, మరికొన్ని చోట్ల రాబందుల సంతానోత్పత్తి కేంద్రాలు ఉన్నాయి. కానీ రాబందుకు అయిదారేళ్లు వస్తే గానీ జత కట్టదు, ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది, అది పిల్ల కాకపోతే చాలావరకు ఆ ఏడాదికి అంతే. ఇరవై సంవత్సరాలలో పోయిన జనాభాను ఈ వేగంతో తిరిగి తేవాలంటే ఎంత కాలం పడుతుందో మీరే లెక్కించండి. అంతవరకు ఊళ్లలో మందుల దుకాణాల దగ్గర నిఘా సడలకూడదు. మీ చుట్టుపక్కల పశువులున్నవారు ఉంటే ఈ ఒక్క విషయం చెప్పండి.

కర్నూలు ప్రాంతం వారు బట్టమేక పిట్టను (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఎరుగుదురు. దానికోసమే 1988లో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది. ఇప్పుడు అక్కడ దాన్ని చూడటం గగనమైపోయింది. రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలో 2019 నుంచి అడవి గుడ్లను పొదిగించి పెంచుతున్నారు, 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో తొలి పిల్ల కూడా పుట్టింది. మన దగ్గర అవి పుష్కలంగా తిరిగిన కాలంలోనే అటువంటి కేంద్రం ఒకటి ఉండి ఉంటే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను. సంతానోత్పత్తి కేంద్రానికి మూల జంతువులు కావాలి, అవి అయిపోయాక డబ్బు ఎంత ఉన్నా ప్రయోజనం లేదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సమస్య ఒకటి ఉంది. చుక్కల జింకలు, కృష్ణజింకలు జూలో అవసరానికి మించి పెరుగుతాయి. అప్పుడు 'అడవిలో వదిలేయండి' అని అందరూ సలహా ఇస్తారు. మా జూలో కూడా ఒక సంవత్సరం నలభైకి పైగా జింకలు ఎక్కువయ్యాయి. వదిలే ముందు క్షయ పరీక్ష చేయాలని నేను పట్టుపట్టాను, వాటిలో మూడింటిలో అనుమానం వచ్చింది. మొత్తం మందను ఆపేశాము. జూ జింకతో పాటు జూ జబ్బును అడవికి పంపితే, అక్కడ మందు వేయడానికి ఎవరూ ఉండరు. అందుకని మగవాటిని, ఆడవాటిని వేరు చేసి పుట్టుకలను తగ్గించడమే మంచిదని నా నమ్మకం. పిల్లలు పుట్టకుండా చూడటం కూడా మంచి జూ నిర్వహణలో భాగమేనంటే వినడానికి వింతగా ఉంటుంది, కానీ అది నిజం.

మీరు వచ్చే నెల వెళ్లినప్పుడు, అక్కడి క్యూరేటర్‌ను గానీ వైద్యుడిని గానీ కలవగలిగితే, మూడు విషయాలు అడగమని నా సూచన. ఈ సింహానికి స్టడ్‌బుక్ సంఖ్య ఉందా, జతకట్టబోయే మగదానికి దీనితో బంధుత్వం ఎంత? రేచుకుక్కల జతను సందర్శకులకు చూపేందుకు తెచ్చారా, లేక కనిపించని చోట ఉన్న సంతానోత్పత్తి ఆవరణ కోసం తెచ్చారా? పిల్లలు పుడితే ఏ జూకు గానీ, ఏ అడవికి గానీ పంపాలన్న ప్రణాళిక ఉందా? ఈ మూడింటికీ స్పష్టమైన జవాబు వస్తే, ఆ పత్రిక రాసిన 'సంరక్షణ' అన్న మాటను మీరు నమ్మవచ్చు. రాకపోతే, అవి ప్రదర్శన కోసం వచ్చిన జంతువులు. అందులో తప్పు లేదు, ఒక సింహాన్ని కళ్లారా చూసిన పిల్లలలో ఎవరో ఒకరు రేపు అటవీశాఖలో చేరతారు. కానీ ఆ రెండూ ఒకటి కావు.

మీ అమ్మాయికి మాత్రం ఇలా చెప్పండి: ఆ సింహం పిల్లలు అడవికి వెళ్లవు, ఎందుకంటే మనుషుల మధ్య పెరిగిన సింహానికి మనిషంటే భయం ఉండదు, దానివల్ల దానికీ ఊరివాళ్లకూ ప్రమాదం. రేచుకుక్కల పిల్లలు వెళ్లే అవకాశం ఉంది, కానీ అవి గుంపుగా వేటాడటం నేర్చుకోవాలి, అందుకు ఇంకా చాలా ఏళ్లు పట్టవచ్చు. మూషిక జింకలు అయితే ఇప్పటికే వెళ్లాయి. హైదరాబాద్ జూకు ఎప్పుడైనా వెళ్తే వాటి గురించి అడిగి చూడమనండి. అవి పగలు నక్కి ఉంటాయి కనుక, కనబడటానికి కొంచెం ఓపికగా నిలబడాలి.